పదపట్టికల కూర్పునందు విషయ విన్యాస విభాగము
(మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పదసేకరణ నిదర్శనముగా)

ఒకే అర్థము గల పదములను వేర్వేరు భాషలనుండి గాని, ఒకే భాషయొక్క వేర్వేరు ప్రాంతములనుండి గాని సేకరించి ప్రక్కప్రక్కన నిలిపి చూపుటకు పట్టికకంటె అనువైన సాధనము లేదు. నిఘంటువును చదువువాడు ఒక్కొక్క పదమును విడిగా చూచును. పట్టికను చదువువాడు పదముల నడుమ గల సంబంధమును చూచును. కావున పట్టికలో జరిగిన పొరపాటు పదమునకు మాత్రమే కాక సంబంధమునకు కూడ హాని చేయును. ఈ కారణముచేత పట్టికను కూర్చు విధానము ముద్రాపకుని పని అని పండితుడు ఉపేక్షింపదగినది కాదు.

తెలుగున ఇట్టి ప్రాంతీయ పదసేకరణకు మార్గము వేసినది ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశము. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వ్యవసాయ పదముల సంపుటము 1962లోను, చేనేత పదముల సంపుటము 1971లోను వెలువడినవి. పదము ఏ జిల్లాలో వినబడినదో ఆరోపమున సూచించుట ఆ కోశముయొక్క పద్ధతి. అట్టి సామగ్రి ఆధారముగనే తెలుగును ఉత్తర, దక్షిణ, పూర్వ, మధ్య మండలములుగా విభజించుట సాధ్యమైనది. జిల్లాను ప్రమాణముగా గైకొన్న ఆ పనికి తరువాతి మెట్టు ఊరిని ప్రమాణముగా గైకొనుట. ఆ దృష్టితో చూచినచో ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి భాగమున గల మదనపల్లె, పుంగనూరు, కుప్పము విశేషముగ గమనింపదగినవి. మదనపల్లె, పుంగనూరులకు కన్నడదేశము పొరుగు. కుప్పమునకు ఒకవైపు కన్నడము, మరియొకవైపు తమిళము. మూడు రాష్ట్రముల సరిహద్దులు కలియు ఈ కుప్పమున ద్రావిడ భాషల అధ్యయనమునకై 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము స్థాపింపబడినది.

ఈ మూడు ఊళ్ల పదములను ఒక సంకలనకర్త సేకరించుచున్నాడనుకొందము. ప్రతి పదమునకు తెలుగు, తమిళము, కన్నడము, సంస్కృతము అను నాలుగు రూపములు, మూడు ఊళ్లలో వినబడిన ఉచ్చారణ, వీటిపై ఒక వివరణ అతనికి వలయును. వివరణ ఒక్కొక్కచోట ఒక వాక్యము, ఒక్కొక్కచోట పది వాక్యములు. అంకెల పట్టికకును అక్షరముల పట్టికకును భేదమిచ్చటనే కలుగుచున్నది. అంకెలు ఇరుకైన గడిలో ఒదుగును, వివరణ ఒదుగదు.

చీటీల కాలము

పూర్వము నిఘంటుకర్తలు చీటీలు వాడెడివారు. ఒక చీటీకి ఒక పదము. పదమును గూర్చి తెలిసినదంతయు ఆ చీటీమీదనే యుండును. అకారాదిగా పేర్చినచో ఒక గ్రంథము, విషయానుసారముగా పేర్చినచో వేరొక గ్రంథము. చీటీ మారదు, పేర్పు మారును. సీసపు అక్షరములతో కూర్చు కంపోజిటరు ఆ చీటీలను చూచి పుటను కట్టెడివాడు. తప్పు తెలిసినపుడు చీటీని దిద్దెడివారు, పిమ్మట పుటను దిద్దెడివారు.

కంప్యూటరు వచ్చిన పిమ్మట చీటీ మాయమైనది. పండితుడు నేరుగ పట్టిక గడిలోనే పదమును వ్రాయ నారంభించెను. ఇది సౌకర్యముగా తోచును గాని ఇందొక గొప్ప లోపము కలదు. పదమునకు గడియే నివాసమైనందున గడి మారినపుడు పదమును మరల వ్రాయవలసివచ్చును. అకారాది పట్టికలో ఒకసారి, అర్థానుసారి పట్టికలో ఒకసారి, ధ్వనిపరిణామ పట్టికలో ఒకసారి. మూడుచోట్ల వ్రాయబడిన దానిని ఒకచోట దిద్ది తక్కినచోట్ల మరచినచో ఒకే గ్రంథము తనతో తానే విరోధించును.

ఇది ఎంత హాని చేయునో ఒక ఉదాహరణము చాలును. తమిళమున పులి యనగా వ్యాఘ్రము, పుళి యనగా చింత. కన్నడమున హులి యనగా వ్యాఘ్రము, హుళి యనగా పులుపు. తెలుగున పులి, పులుపు రెండింటను లకారమే. లకార ళకారముల భేదమును చూపుటయే ఈ వరుసల ప్రయోజనము. అర్థానుసారి పట్టికలో ళకారముగ దిద్దబడి, ధ్వనిపరిణామ పట్టికలో లకారముగనే మిగిలినచో, ఆ రెండవ పట్టికను నమ్మిన విద్యార్థి తమిళమున చింతకును పులికిని ఒకే పేరని వ్రాయును. అతని వ్యాసమును చూచి మరియొకడు వ్రాయును.

ఉత్పత్తి, వినియోగము, ప్రయోగము

మీమాంసకులు విధులను ఉత్పత్తివిధి, వినియోగవిధి, ప్రయోగవిధి, అధికారవిధి యని నాలుగు తెఱగులుగ విభజించిరి. కర్మస్వరూపమును మాత్రము తెలుపునది ఉత్పత్తివిధి. అగ్నిహోత్రమను కర్మ కలదని తెలుపు వాక్యము ఇట్టిది. ఆ కర్మకు పెరుగు హోమద్రవ్యమని అంగసంబంధమును తెలుపునది వినియోగవిధి. అంగములను ఏ క్రమమున, విలంబము లేక అనుష్ఠింపవలెనో తెలుపునది ప్రయోగవిధి. ఫలమునకు స్వామి యెవ్వడో తెలుపునది అధికారవిధి.

పదపట్టికకు ఈ విభాగము చక్కగ సరిపడును. పదమును, దాని రూపములను, వివరణను ఒకచోట ఒక్కమారు చెప్పుట ఉత్పత్తి. ఏ రూపము ఏ నిలువు వరుసకు పోవలెనో చెప్పుట వినియోగము. ఏ పదము ముందు, ఏది వెనుక అనునది ప్రయోగము. పట్టిక ఎవరికొరకు, విద్యార్థికా పరిశోధకునికా యను విచారము అధికారము. ఏ వరుసలను విడువవచ్చునో దీనివలన తేలును. గడిలో నేరుగ వ్రాయువాడు మొదటి మూడింటిని ఒక్క క్రియలో కలిపివేయుచున్నాడు. అందువలననే క్రమము మార్చదలచినపుడు స్వరూపమును కూడ కదల్పవలసి వచ్చుచున్నది.

వ్యాకరణమునను ఇదియే పద్ధతి. పాణిని రెండువేలకు దగ్గరగానున్న ధాతువులను సూత్రములలో చొప్పింపలేదు. అవి ధాతుపాఠమున పది గణములుగ వేరుగ నున్నవి. సర్వనామములను కూడ సూత్రమున ఏకరువు పెట్టక, సర్వాదులని గణమును పేర్కొని గణపాఠమునకు అప్పగించెను. సూత్రము విధిని చెప్పును. పాఠము విషయమును చెప్పును. గణమున ఒక పదము చేరినను సూత్రము మారనక్కరలేదు. విషయమును వేరుగ నిర్వచించి విధిచేత రూపమును సాధించుట ఈ దేశమున క్రొత్త విద్య కాదు.

టెక్ అను సాధనము

అక్షరకూర్పు ప్రోగ్రాములలో ఈ విభాగమునకు మిక్కిలి అనుకూలమైనది టెక్. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్ క్నూత్, 1977లో తన గ్రంథముయొక్క రెండవ కూర్పు ప్రూఫులను చూచి, అక్షరముల తీరు నచ్చక, కూర్పునకై తానే ఒక ప్రోగ్రామును రచించుటకు పూనుకొనెను. అది 1978లో వాడుకకు వచ్చినది, 1982లో సమూలముగ తిరిగి వ్రాయబడినది. దీనిపై లెస్లీ లాంపోర్టు 1980 దశకమున నిర్మించిన లేటెక్ ఎక్కువమందికి సుపరిచితము. ముక్కవిల్లి దంపతులు 1990 దశకారంభమున తెలుగు లిపికై తెలుగుటెక్ అను కూర్పును సిద్ధపరచిరి. ఆ రోజులలో తెలుగును రోమను అక్షరములలో వ్రాసి ముందొక ప్రోగ్రాముచేత మార్పింపవలసి యుండెడిది. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పునందు తెలుగు లిపికి స్థానము లభించుటయు, 2004లో జొనాథన్ క్యూ రచించిన జీటెక్ యూనికోడు పాఠమును నేరుగ గ్రహించుటయు ఆ శ్రమను తొలగించినవి. నేడు తెలుగులో వ్రాసినది తెలుగుగనే కూర్పబడును.

ఇతర సాధనములు లేవని కాదు. కార్యాలయములలోని వర్డు ప్రోగ్రాములందు మెయిల్ మెర్జ్ అను సదుపాయమున్నది. పేర్ల జాబితా వేరు, ఉత్తరపు నమూనా వేరు. తత్త్వమొకటియే. అయినను ఒక వాక్యపు ఉత్తరమునకు చాలినది పది వాక్యముల వివరణ గల అయిదు వరుసల పట్టికకు చాలదు.

టెక్‌లో ఒక పేరునకు ఒక పాఠమును నిర్వచింపవచ్చును. ఆ పేరు కనబడినచోటనెల్ల ఆ పాఠము ఆదేశముగ వచ్చును. స్థాని పోయి ఆదేశము వచ్చుట వైయాకరణులకు కొత్తగాదు. నిర్వచనము సంజ్ఞాసూత్రము వంటిది. మొట్టమొదటి సూత్రమున ఆ, ఐ, ఔలకు వృద్ధియని పేరు పెట్టిన పిమ్మట శాస్త్రమంతట వృద్ధియన్నచో అవియే గ్రాహ్యములు. సంకలనకర్త తన పదములను ఈ విధముగ వేరొక పత్రమున నిర్వచించుకొనవలెను:

సంకేతనామము – వ్యాఘ్ర
తెలుగు – పులి
తమిళము – పులి
కన్నడము – హులి
సంస్కృతము – వ్యాఘ్రః

సంకేతనామము – చింత
తెలుగు – చింత
తమిళము – పుళి
కన్నడము – హుణసె
సంస్కృతము – చించా, తింత్రిణీ

సంకేతనామము – ఆమ్ల
తెలుగు – పులుపు
తమిళము – పుళిప్పు
కన్నడము – హుళి
సంస్కృతము – అమ్లః

సంకేతనామము పదమే కానక్కరలేదు, కాకుండుటయే మేలు. పదరూపము దిద్దుబాటుకు లోనగును, సంకేతనామము లోను కారాదు. ప్రతి పదమునకు లఘువివరణ, దీర్ఘవివరణ అని రెండు అంశములుంచుట మంచిది. ఆవు అను పదముక్రింద పుంగనూరు పేరుమీద ప్రసిద్ధమైన పొట్టిజాతిని గూర్చి ఎంతైన వ్రాయవచ్చును. ధ్వనిపరిణామ పట్టికకు దానితో పనిలేదు. అచ్చట లఘువివరణయే పోవును.

వరుసను కట్టుట

విషయపత్రము సిద్ధమైన పిమ్మట వరుసను కట్టు విధిని ఒక్కదానిని వ్రాసిన చాలును. ఒక సంకేతనామమిచ్చినచో దాని తెలుగును మొదటి గడిలోను, తమిళమును రెండవగడిలోను, ఇట్లు అయిదు గడులను నింపుట ఆ విధియొక్క పని. పిమ్మట సంకేతనామముల జాబితా. పట్టికలో నూరు వరుసలున్నను కూర్పువాడు వ్రాయునది ఆ నూరు పేర్లు మాత్రమే. ఇంతవరకు సులభము. చిక్కు అటుపై వచ్చును.

జాబితాలోని పేర్లను ఒక్కొక్కటిగ తీసికొని వరుసలను కట్టు ఆవృత్తిని పట్టికలోపలనే నడపుటకు చాలమంది ప్రయత్నించి విఫలులగుదురు. కారణమేమనగా టెక్‌లో ప్రతి గడియు ఒక మూసిన గది. ఒక గడిలో చేసిన నిర్వచనము ఆ గడితోనే ముగియును. ప్రక్క గడికి అది తెలియదు. త్రిపాదిలో పరసూత్రకార్యము పూర్వసూత్రమునకు అసిద్ధమైనట్లు ఇది ప్రక్క గడికి అసిద్ధమని చెప్పవచ్చును. పోలికను అంతకుమించి లాగరాదు, త్రిపాదిలో అసిద్ధత్వమునకు దిక్కు కలదు, ఇచ్చట లేదు. ఫలితమేమనగా లెక్కించుచున్న ఆవృత్తి మొదటి గడి దాటగనే తానెచ్చటనున్నదో మరచును. కావున ఆవృత్తిని పట్టికకు వెలుపల నడిపి, వరుసలనన్నిటిని ఒక మూటగ కట్టి, పట్టిక తెరచిన పిమ్మట ఆ మూటను ఒక్కమారుగ అందులోనికి జారవిడువవలెను.

మూట కట్టునపుడు రెండవ చిక్కు. ఆవృత్తి నడచునపుడు ప్రస్తుత సంకేతనామము ఒక పాత్రలో నుండును. వరుసలో ఆ పాత్రపేరే వ్రాయబడినచో, మూటలో నూరు వరుసలును అదే పాత్రను చూపుచుండును. మూట విప్పునప్పటికి పాత్రలో మిగిలియుండునది చివరి పేరు. కావున నూరు వరుసలును చివరి పదమునే చూపును. సర్వనామముతో దీనిని పోల్చవచ్చును. నూరు వస్తువులను చూపుచు ప్రతిదానికి 'అది, అది' యని వ్రాసికొన్నవాడు ఇంటికి పోయి చదువుకొన్నచో ఏమి తెలియును? చూపినప్పుడే పేరు వ్రాసికొనవలెను. అనగా సంకేతనామమును మూటలో పెట్టునప్పుడే విప్పి పెట్టవలెను. ఆ నామము సూచించు పాఠమును మాత్రము అప్పుడు విప్పక, పట్టికలో విప్పవలెను. పాఠమునందు అక్షరపరిమాణము, లిపిభేదము మొదలగు ఆజ్ఞలుండును; అకాలమున విప్పబడినచో అవి చెడును. ఏది ఎప్పుడు విప్పవలెనను ఈ కాలవివేకమే టెక్ నేర్చువారికి అన్నిటికంటె కష్టమైనది. పాఠశాలలో సూత్రముల పౌర్వాపర్యముపై దెబ్బలు తిన్నవారికి మాత్రము తక్కువ కష్టము.

వెడల్పు లెక్క

ఏ4 కాగితపు వెడల్పు 210 మిల్లీమీటర్లు. ఇరువైపుల ఇరువదియైదేసి విడిచినచో 160 మిగులును. నాలుగు పదముల వరుసలకు ఇరువదిరెండేసి చొప్పున 88 పోగా వివరణకు 72 మిగులునని తోచును. ఇచ్చటనే కూర్పువారు తప్పుదురు. లేటెక్ ప్రతి నిలువు వరుసకు రెండువైపుల ఆరేసి పాయింట్ల ఎడము విడుచును. అయిదు వరుసలకు అది 60 పాయింట్లు, అనగా సుమారు 21 మిల్లీమీటర్లు. వివరణకు నిజముగ మిగులునది 51 మాత్రమే. ఈ ఇరువదియొకటి మరచినందువలననే పట్టిక కుడి అంచును దాటి వెలుపలికి పొడుచుకొని వచ్చుచుండును. మొత్తపు వెడల్పు చెప్పినచో మిగిలినది తానే లెక్కించుకొను టాబ్యులర్‌ఎక్స్ అను ఉపకరణమును డేవిడ్ కార్లైల్ రచించెను. పుటలు దాటు పట్టికలకు అతడే లాంగ్‌టేబుల్ రచించెను. అయితే లాంగ్‌టేబుల్ వరుసకును వరుసకును నడుమ మాత్రమే పుటను విరుచును. ఒక వరుస లోపల విరువదు. ముప్పది పంక్తుల వివరణ గల గడి పుటచివరకు వచ్చినచో మొత్తము వరుస మరుపుటకు పోవును, వెనుక ఖాళీ మిగులును. దీనికి ఉపాయము యంత్రమున లేదు. అంత దీర్ఘమైన వివరణ టీక యనిపించుకొనును. టీకను పట్టిక క్రింద వ్రాయవలెను గాని పట్టికలో వ్రాయరాదు. విషయము వేరుగ నున్నందున ఈ మార్పునకు విధిని ఒకచోట సవరించిన చాలును, నూరు వివరణలలో ఒక అక్షరమైనను కదలదు.

తెలుగు లిపికి ప్రత్యేకమైన ఇబ్బందులు రెండు. మొదటిది ఒత్తులు. స్త్రీ, రాష్ట్రీయ వంటి పదములలో గుడి పైకి, ఒత్తులు క్రిందికి పోవును. ఆంగ్లమునకు చాలు పంక్తి ఎడము వీటికి చాలదు, అడ్డుగీత ఒత్తును కోయును. ప్రతి వరుసకు పైన క్రింద కనబడని ఊతను ఉంచవలెను. రెండవది పదదైర్ఘ్యము. ఏబది మిల్లీమీటర్ల గడిలో రెండు అంచులు సమముగ నుండవలెనని పట్టుపట్టినచో పదముల నడుమ నదులు పారును. కుడి అంచును స్వేచ్ఛగ విడుచుటయే తగును.

సంస్కృత సమాసములు మరింత దీర్ఘములు. వీనిని పంక్తి చివర ఎచ్చట విరువవలెను? విరుపు విన్యాసమునకు సంబంధించినది, కావున విషయపత్రమున ఉండరాదని తోచును. కాని సమాసమున పూర్వోత్తరపదముల సంధిస్థానము జ్ఞానమునకు సంబంధించినది. అది పండితునికే తెలియును, యంత్రమునకు తెలియదు. శాకల్యుడు ఋగ్వేద పదపాఠమున సమాసావయవములను అవగ్రహముతో విడదీసి చూపెను. ఆ విధముగనే విషయపత్రమున పదచ్ఛేదమునకు ఒక చిహ్నముంచవలెను. ఆ చిహ్నమున కర్థమేమో ఏ పట్టికకు ఆ పట్టిక నిర్ణయించుకొనును. పరిశోధకుల పట్టికలో అది చిన్నగీతయై కనబడును. సామాన్య పట్టికలో కనబడక, అవసరమైనచో మాత్రము అచ్చట విరువవచ్చునని సూచించును.

క్రమమును గూర్చి ఒక్క మాట. యూనికోడులో రకారము వెంటనే బండి ఱకారము, లకారము వెంటనే ళకారము, ఆపైన వకారము వచ్చును. మన వర్ణమాలలో ళకారమును ఱకారమును హకారము తరువాతివి. యంత్రపు సంఖ్యాక్రమమును నమ్మి పేర్చినచో ళకారము వకారమునకు ముందే వచ్చును, నిఘంటువునకు అలవాటుపడిన పాఠకుడు వెదకి వేసారును. కనుక ప్రతి పదమునకు క్రమసూచకమొకటి విషయపత్రమున వేరుగ నుండవలెను.

శూన్యమైన గడి

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయము. మూడు ఊళ్ల పట్టికలో కుప్పము గడి ఖాళీగ నున్నదనుకొందము. పాఠకుడేమి గ్రహించును? ఆ పదము కుప్పమున లేదని. కాని ఆ ఖాళీకి కారణములు పెక్కులు.

టెక్‌లో నిర్వచింపని పేరును నేరుగ వ్రాసినచో అది తప్పును చూపి నిలిచిపోవును. కాని విషయపత్రమునుండి తెచ్చు పేరు ముక్కలను కూర్చి కట్టబడునట్టిది. అట్లు కూర్చిన పేరు నిర్వచింపబడి యుండనిచో టెక్ తప్పును చూపదు. ఏమియు చేయకుము అను ఆజ్ఞగ దానిని గ్రహించి మిన్నకుండును. సంకేతనామమున ఒక అక్షరము తప్పినచో గడి నిశ్శబ్దముగ ఖాళీ యగును. పదము పత్రమున భద్రముగ నున్నది. సేకర్త ఊరూర తిరిగి విన్నాడు, వ్రాసినాడు. ముద్రితగ్రంథము మాత్రము అది లేదని చెప్పుచున్నది. సరిహద్దు ప్రాంతములలో పదములు త్వరగా మారును. చెప్పిన వృద్ధులు లేనిచో ఆ ఖాళీని మరల నింపు అవకాశము రాకపోవచ్చును.

నైయాయికులు అభావమును నాలుగు విధములుగ చెప్పిరి. వస్తువు పుట్టుటకు ముందుండునది ప్రాగభావము, నశించిన పిమ్మటనుండునది ప్రధ్వంసాభావము, మూడుకాలములందు సంసర్గము లేకుండుట అత్యంతాభావము, ఇది అది కాదనుట అన్యోన్యాభావము. అన్నంభట్టు తర్కసంగ్రహమును చదివిన బాలురు కూడ ఎఱిగినదే ఇది. పట్టికలోని శూన్యమునకు ఈ నాలుగును వర్తించును. ఆ ఊరిలో ఇంకను అడుగలేదన్నచో అది ప్రాగభావము. అడిగినపుడు అది తీరును. మా పెద్దలు అనెడివారు, ఇప్పుడెవరు అనరు అని చెప్పినచో ప్రధ్వంసాభావము. పదము వినబడినది గాని అచ్చట దానికి వేరర్థమున్నచో అన్యోన్యాభావము. తమిళమున పులి చింత కానట్లు. అట్టి గడిలో ఆ వేరర్థము గల పదముయొక్క సంకేతనామము చూపవలెను.

అత్యంతాభావమును వ్రాయుటకు మాత్రము సేకర్త సందేహింపవలెను. త్రికాలములందును లేదని యెవ్వడు చెప్పగలడు? భూతలమున ఘటము లేదని చెప్పుటకు, ఉండినచో కనబడియుండెడిది అను యోగ్యత కావలెను. చీకటిలో కుండ కనబడకుండుట కుండ లేకపోవుటకు ప్రమాణము కాదు. ఈ యోగ్యానుపలబ్ధిని భాట్టులు ప్రత్యేక ప్రమాణమనిరి, నైయాయికులు ప్రత్యక్షమునకు సహకారి యనిరి. యోగ్యత కావలెననుటలో వివాదము లేదు. సాగుపని ఎఱుగని పట్టణవాసిని అడిగి నాగలి భాగముల పేర్లు మదనపల్లెలో లేవని వ్రాయుట చీకటిలో కుండను వెదకుటయే. కావున 'లేదు' అను చిహ్నముతోపాటు ఎందరిని, ఏ వృత్తివారిని అడిగినది సంఖ్యాసహితముగ విషయపత్రమున ఉండవలెను.

ఈ నాలుగింటికి నాలుగు చిహ్నములు ఏర్పరచి, వరుసను కట్టు విధిలో ఒక పరీక్షను చేర్చవలెను. కూర్చిన పేరు నిర్వచింపబడినదా? నిర్వచింపబడినచో పాఠమునో, చిహ్నమునో ముద్రింపుము. లేనిచో నల్లని చతురస్రమును ముద్రించి, ఆ పేరును వేరొక జాబితాలో వ్రాయుము. ఈ నల్లగడి అభావము కాదు, నామదోషము. ప్రూఫులో ఇవి ఎన్ని యున్నవో పుట అడుగున లెక్కగ చూపునట్లు చేయవచ్చును. లెక్క సున్న అగువరకు ప్రతి అచ్చునకు పోదు. ఆపైన ఖాళీగడి అనునదే పట్టికలో మిగులదు. ప్రతి గడియు ఏదో ఒకటి చెప్పుచుండును.

విషయపత్రము వేరుగ నున్నందున మరియొక ప్రయోజనము సిద్ధించును. ప్రాగభావచిహ్నము గల గడులను మాత్రము ఏరి ఊరివారీగా పేర్చుటకు విధిలో రెండు పంక్తులు మార్చిన చాలును. మదనపల్లెకొక పుట, పుంగనూరికొక పుట, కుప్పమునకొక పుటగ అచ్చయి వచ్చునది పట్టిక కాదు, సేకర్త తరువాతి ప్రయాణమున చేతపట్టుకొని పోవలసిన ప్రశ్నావళి. అందు ప్రతి పదమునకెదుట సమాధానమునకు, చెప్పినవారి వయోవృత్తులకు చోటుండవలెను. వ్రాసికొని వచ్చిన దానిని పట్టికలో కాక విషయపత్రముననే ఎక్కింపవలెను.